డిసెంబరులో డ్యూటీ, జనవరిలో సంక్రాంతి

నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌తో మొదలయ్యే హడావిడి అమెరికాలో మిగతావాళ్లకి జనవరి 1తో ముగుస్తుంది. ఇక్కడి తెలుగువాళ్లం మనకి ముగియదు. డిసెంబరు 16 అటూ ఇటూగా ధనుర్మాసం పడుతుంది. ముప్పై రోజుల తిరుప్పావై భోగితో పూర్తవుతుంది. ఆ వెనకే సంక్రాంతి, కనుమ. అంటే ఏడు వారాల పాటు రెండు పండుగల కాలాలు ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. ఆఫీసులో తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్, పేరు చెప్పకుండా కానుకలిచ్చుకునే సీక్రెట్ శాంటా, ఏడాది చివరి లెక్కలు. ఇంట్లో చెట్టు, దీపాలు, పిల్లల బడి సెలవులు, వచ్చేపోయే చుట్టాలు. ఇవన్నీ బాగుంటాయి, అలసటా ఉంటుంది. తీరా మన పెద్ద పండుగ వచ్చేసరికి సెలవులు అయిపోయి ఉంటాయి, బడి తెరిచేసి ఉంటారు, ఆఫీసు మళ్లీ పరుగందుకుని ఉంటుంది. పండుగ శనివారానికి వాయిదా పడుతుంది. భోగి నాడు పొద్దున్నే ఎనిమిదింటికి మీటింగ్ ఉంటుంది.

దీన్ని మార్చుకోవచ్చు. క్రిస్మస్ వారం డ్యూటీ మనం అడిగి తీసుకుని, బదులుగా భోగికీ సంక్రాంతికీ సెలవు అడగాలి. ఆఫీసు సద్దుమణిగే డిసెంబరు ఆఖరి వారంలోనే పిండివంటల పని ముగించుకోవాలి. ఈ రెండూ కుదిరితే జనవరి 13, 14 తేదీల్లో ఇంట్లో చేయాల్సింది స్నానం, ముగ్గు, పొంగలి, పిల్లలకి భోగి పళ్లు మాత్రమే.

ముందు ఆఫీసు సంగతి. ప్రైవేటు కంపెనీలు పండుగలకి సెలవు ఇచ్చి తీరాలని ఇక్కడి ఫెడరల్ చట్టంలో ఎక్కడా లేదు. క్రిస్మస్ సెలవు కూడా కంపెనీ ఆనవాయితీ మాత్రమే. అయితే 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ సెవెన్ మతపరమైన ఆచరణకి వీలు కల్పించమంటుంది. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకి ఇది వర్తిస్తుంది. వీసా మీద పనిచేసేవాళ్లకీ వర్తిస్తుంది. చాలాకాలం ఈ నియమం పేరుకే ఉండేది. కొంచెం ఇబ్బంది అవుతుందంటే చాలు, యజమాని కాదనగలిగేవాడు. 2023లో సుప్రీంకోర్టు గ్రాఫ్ వర్సెస్ డిజాయ్ కేసులో ఆ అర్థాన్ని సరిదిద్దింది. ఆదివారం పని చేయలేనన్న ఒక తపాలా ఉద్యోగి కేసు అది. ఇప్పుడు కాదనాలంటే తన వ్యాపారానికి గణనీయమైన అదనపు భారం పడుతుందని యజమాని చూపించాలి. చట్టం జీతంతో కూడిన సెలవేమీ ఇవ్వదు, కంపెనీ మనకిచ్చిన సెలవు రోజులు, అంటే మన పీటీఓ, మనం వాడుకోవాల్సిందే. కానీ ఇద్దరు ఉద్యోగులు ఇష్టపడి షిఫ్టులు మార్చుకోవడమన్నది ఎవరూ సులభంగా కాదనలేని ఏర్పాటు.

అందరూ చేసే పొరపాటు ఆలస్యంగా అడగడం. ఆన్‌కాల్ (ఏ వేళ పిలిచినా అందుబాటులో ఉండే డ్యూటీ) పట్టికలు, ఆసుపత్రి రోస్టర్లు, మోటెల్ ఫ్రంట్ డెస్క్ షిఫ్టులు చాలా చోట్ల నవంబరు మొదట్లోనే తయారైపోతాయి. అక్టోబరు ఆఖరు వారంలో మేనేజరుకి రెండు వాక్యాల ఈమెయిల్ రాస్తే సరిపోతుంది: డిసెంబరు 24, 25 తేదీల్లో నేను ఉంటాను, జనవరి 13, 14 మా ఇంటి ముఖ్యమైన పండుగ, ఆ రెండు రోజులూ సెలవు కావాలి. ఈ రెండూ ఒకే ఉత్తరంలో ఉండాలి. క్రిస్మస్ డ్యూటీ మాత్రం ముందు ఒప్పుకుని, సంక్రాంతి సంగతి తర్వాత చూద్దామనుకుంటే ఆ తర్వాత అనేది రాదు. రెండో పొరపాటు మాటల మీద వదిలేయడం. సహోద్యోగితో కాఫీ దగ్గర అనుకున్న మార్పిడి పట్టికలోకి ఎక్కకపోతే, భోగి నాడు తెల్లవారుజామున మూడింటికి అలారం మన ఫోనుకే వస్తుంది. పట్టికలో పేరు మారిందో లేదో జనవరి మొదటి వారంలో ఇంకోసారి కళ్లతో చూసుకోవాలి. ఏడాది మారినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో పాత వరస మళ్లీ మొదటికి వస్తుంది, చేత్తో చేసిన మార్పులు పోతాయి.

సెలవుకి వెళ్లే ముందు అప్పగింత కాగితం ఒకటి రాసిపెడితే ఎవరూ ఫోన్ చేయరు. ఒక పేజీ చాలు. ప్రస్తుతం ఏ పని ఎక్కడ ఆగింది, ఏది చెడిపోయే అవకాశం ఉంది, చెడితే మొదట చూడాల్సినదేమిటి, ఎవరిని పిలవాలి, ఏది సోమవారం దాకా ఆగినా ఫరవాలేదు. చివరి ముక్క చాలామంది రాయరు. ఆగవచ్చని రాసి ఉంటే నిజంగానే ఆగుతుంది, రాయకపోతే ప్రతిదీ అత్యవసరమే.

క్రిస్మస్ వారం డ్యూటీలో ఒక సుఖం ఉంది, ఇది చేసినవాళ్లకే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలా వాటిలో డిసెంబరు మధ్య నుంచి కొత్త మార్పులేవీ పెట్టరు, కోడ్ ఫ్రీజ్. మార్పులు లేకపోతే చెడిపోయేవీ తక్కువే. మీటింగులు ఉండవు. ఈమెయిల్ పెట్టె నిశ్శబ్దంగా ఉంటుంది. ఏడాదంతా పక్కన పెట్టిన కాగితాల పని రెండు గంటల్లో తెమిలిపోతుంది. దుకాణాల్లోనూ ఆసుపత్రుల్లోనూ పనిచేసేవాళ్లకి ఈ మాట వర్తించదు. వాళ్లకి అది ఏడాదిలోకెల్లా బరువైన వారం. వాళ్లు ఆ వారం పని చేస్తున్నారు కాబట్టే జనవరిలో రెండు రోజులు అడిగే హక్కు వాళ్లకి ఇంకా ఎక్కువ ఉంది.

కాగితాల పని అన్నాం కదా, అందులో డిసెంబరు 31 దాటితే చేయిజారేవి కొన్ని ఉన్నాయి. హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏలో, అంటే వైద్యఖర్చులకి పన్ను లేకుండా జీతంలోంచి దాచే ఖాతాలో, మిగిలిన డబ్బు చూడండి. కంపెనీ కొంత మొత్తాన్ని తర్వాతి ఏడాదికి బదలాయించనివ్వవచ్చు, లేదా ఖర్చు చేయడానికి రెండున్నర నెలల గడువు ఇవ్వవచ్చు, రెండూ ఇవ్వకపోవచ్చు కూడా. ఉంటే ఏదో ఒకటే ఉంటుంది, రెండూ కలిపి ఉండవు. కళ్లద్దాలు, పళ్ల డాక్టరు బిల్లు, మందుల ఖర్చు దీనికి పనికొస్తాయి. రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కెకి కట్టే వాటా జీతంలోంచే కోయాలి కాబట్టి డిసెంబరు ఆఖరి జీతం చీటీ వేసేలోపే మార్చుకోవాలి. మిగిలిపోయిన సెలవులు ఏమవుతాయో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో సంపాదించుకున్న వెకేషన్ జీతంతో సమానం, కంపెనీ దాన్ని రద్దు చేయలేదు. చాలా రాష్ట్రాల్లో చేయగలదు. రద్దయ్యే రోజులుంటే జనవరి 13, 14లకి బదలాయించమని అడగడానికి ఇదే సమయం.

ఆఫీసు పాట్‌లక్‌కి మనవాళ్లు తీసుకెళ్లే పులిహోర సరైన వంటకమే. చల్లారినా రుచి చెడదు, మళ్లీ వేడి చేయాల్సిన పని లేదు, చింతపండు పులుపు ఉంటుంది. అయినా వండిన అన్నం కాబట్టి గది వేడిలో రెండు గంటలకు మించి బల్ల మీద ఉంచకూడదు. దద్దోజనమైతే గిన్నె కింద ఐసు ఉండాల్సిందే. గిన్నె పక్కన చిన్న కాగితం మీద ఏమేం వేశారో రాసి పెట్టడం మర్యాద ఒక్కటే కాదు, అవసరం. వేరుశనగ, జీడిపప్పు సంగతి అందరూ గుర్తుపెట్టుకుంటారు. నువ్వుల పొడి సంగతి మరచిపోతారు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదో ప్రధాన అలెర్జీ పదార్థం. ఇంకొకటి ఉంది, చాలామందికి తట్టదు: డబ్బాలో దొరికే ఇంగువ పొడిలో తరచుగా గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడని సహోద్యోగికి బియ్యంతో చేశాం, ఏమీ కాదు అని ధైర్యం చెప్పేముందు డబ్బా వెనక చదవండి.

ఇంటికి రోజూ ఉత్తరాలు తెచ్చే తపాలా ఉద్యోగికి డిసెంబరులో ఏదైనా ఇవ్వాలనిపించడం సహజం. కవరులో నోటు పెట్టి ఇస్తే ఆ మనిషిని ఇబ్బందిలో పెట్టినట్టే. తపాలా శాఖ ఉద్యోగులు నగదు ఎంత చిన్న మొత్తమైనా తీసుకోకూడదు. ఒక్కో సందర్భంలో 20 డాలర్ల లోపు విలువైన వస్తువు తీసుకోవచ్చు, ఒక ఇంటి నుంచి ఏడాది మొత్తానికి 50 డాలర్లు దాటకూడదు. చేతి తొడుగులో, జంతికల డబ్బానో ఇవ్వండి. డబ్బా మీద నువ్వులున్నాయని రాయండి.

ఇక ఇల్లు. క్రిస్మస్ చెట్టు పెట్టాలా వద్దా అనే చర్చ మన ఇళ్లలో ఇంకా నడుస్తోంది. పిల్లలు అడిగితే పెట్టడమే మంచిది. కానీ చెట్టు ఎంత శ్రద్ధగా పెడతామో బొమ్మల కొలువు కూడా అంతే శ్రద్ధగా పెట్టాలి, పిల్లల చేతే పెట్టించాలి. కోస్తా జిల్లాల్లో చాలా ఇళ్లలో సంక్రాంతికే కొలువు. దానికి కావాల్సిన సరంజామా డిసెంబరులో మన గుమ్మం ముందే వచ్చి పడుతుంది: అట్టపెట్టెలు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, 3 లేదా 5. మూడు మెట్లకి ముందు వరసలో ఒక పెట్టె, మధ్యలో ఒకదాని మీద ఒకటిగా రెండు, వెనక మూడు. అంటే ఒక నిలువు వరసకి ఒకే ఎత్తున్న పెట్టెలు 6. రెండు నిలువు వరసలు పక్కపక్కన పెడితే 12, కొలువుకి చక్కని వెడల్పు వస్తుంది. ఖాళీ పెట్టె నడుము దగ్గర కుంగుతుంది, కాబట్టి అన్నిటికన్నా కింద ఉన్నవాటిలో పాత పుస్తకాలు కుక్కండి. పెట్టెల్ని ఒకదానికొకటి టేపుతో కట్టాక పైన తెల్ల పంచె పరచండి, ముడతలు లేకుండా వెనక్కి లాగి పిన్నులు పెట్టండి. కొండపల్లి బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు, చాలా తేలిక. పిల్లలు పక్కన గెంతితే పడిపోతాయి. బొమ్మ అడుగున బఠాణీ గింజంత మైనం అంటిస్తే కదలదు. చెట్టు తీసేశాక దాని దీపాల తీగనే కొలువు చుట్టూ తిప్పవచ్చు, ఎల్‌ఈడీ అయితేనే. పాత రకం బల్బులు వేడెక్కుతాయి, కింద గుడ్డా అట్టా ఉన్నాయి.

ఇప్పుడు అరిసెలు. ఈ వ్యాసంలో మిగతా అన్నిటికన్నా దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాం. ఇక్కడి ఇళ్లలో సంక్రాంతి వాయిదా పడడానికి సగం కారణం ఇదే: అరిసెలంటే భయం. ఒక్క మనిషి ఒక్క సాయంత్రంలో చేయాలనుకుంటే ఆ భయం న్యాయమైనదే. మూడు రోజుల పనిగా, రెండు మూడు కుటుంబాల పనిగా చేస్తే అందులో కష్టమేమీ లేదు. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య చేసి బాగా చల్లార్చి డబ్బాలో పెడితే రెండు మూడు వారాలు చెక్కుచెదరవు. అందుకే ఆ వారం. సంక్రాంతి నాడు దేవుడి దగ్గర తాజాగా పెట్టాలనుకుంటే చలిమిడిలో గుప్పెడు తీసి ఫ్రిజ్‌లో దాచి ఆ రోజు నాలుగు వేసుకోవచ్చు.

కొలత: కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం. మొదటిసారి చేసేవాళ్లు కిలోకి మించవద్దు. సోనామసూరి పచ్చిబియ్యం బాగుంటాయి, బాస్మతి వద్దు. దుకాణంలో దొరికే బియ్యప్పిండితో అసలే కుదరదు. అది పొడి పిండి, పాకంలో గట్టిపడి అరిసె చెక్కలా తయారవుతుంది. మనకి కావాల్సింది తడిపిండి. బియ్యం ఒక పూర్తి రోజు నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన పడుతుంది. తర్వాత జల్లెడలో అరగంట వడకట్టి గుడ్డ మీద పలచగా పరవాలి.

మన ఊళ్ల లెక్క ఇక్కడ తప్పేది సరిగ్గా ఈ దగ్గరే. అక్కడ అరగంట ఆరబెట్టమంటారు. ఇక్కడ చలికాలంలో హీటర్ గాలితో ఇంట్లో తేమ ఉండదు, అరగంటలో బియ్యం పొడిపొడిగా ఎండిపోతాయి. పది నిమిషాలకే గుప్పెట్లోకి తీసుకుని చూడండి. చేతికి చల్లగా, తడిగా తగలాలి, నీళ్లు అంటకూడదు. హీటర్ గాలి వచ్చే చోట మాత్రం ఎప్పుడూ పరవవద్దు. మిక్సీలో రెండేసి కప్పులే వేసి పట్టండి, ఎక్కువ వేస్తే జారు వేడెక్కి తడి ఆరిపోతుంది. జల్లించిన పిండిని పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. ఒక్కో వాయి జల్లించగానే గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పండి. ఒక కప్పు తడిపిండి పక్కన దాచండి, దాని అవసరం చివర్లో తెలుస్తుంది.

పాకం దగ్గర ఒకరు కాదు, ఇద్దరుండాలి. బెల్లం తరిగి అరకప్పు నీళ్లతో కరిగించి వడకట్టండి, అడుగున ఇసుక తప్పకుండా ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి మధ్యరకం మంట మీద కలుపుతూ ఉండాలి. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క పాకం వేస్తే కరిగిపోకుండా వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. పళ్లానికేసి కొడితే టంగుమని మోగే ఉండ ముదురుపాకం, అది వేరుశనగ చిక్కీకి. థర్మామీటరు ఉంటే 235 నుంచి 240 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య మనకి కావాల్సిన ఉండపాకం. కానీ నీళ్లతో చూసేవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. మిన్నెసోటాలోనో మిషిగన్‌లోనో చలికాలంలో కుళాయి నీళ్లు మంచులా వస్తాయి. ఆ చల్లదనానికి ఇంకా లేతగా ఉన్న పాకం కూడా గట్టిగా ఉండ కడుతుంది. పాకం వచ్చేసిందనుకుని దించేస్తాం. తర్వాత అరిసె నూనెలో విచ్చిపోతుంది. పళ్లెంలో నీళ్లు ముందే తీసి గంటసేపు బల్ల మీద ఉంచండి, గది వేడికి వచ్చాక వాటితో చూడండి.

పాకం రాగానే పొయ్యి ఆపి, ఒకరు పిండి పోస్తూ ఉంటే ఇంకొకరు ఆపకుండా తిప్పాలి. ఉండలు కట్టకూడదు. గరిటె ఎత్తితే నెమ్మదిగా జారే దశ దాటి, గరిటెను అంటిపెట్టుకుని ఉండే దశకి వచ్చాక పిండి చాలు. చల్లారుతూ ఇంకా గట్టిపడుతుందని గుర్తుంచుకోండి. పైన నెయ్యి రాసి మూత పెట్టండి. ఈ తిప్పడానికి భుజబలం కావాలి. ఇంట్లో మగవాళ్లు కూర్చుని టీవీ చూస్తూ అరిసెల రుచి గురించి మాట్లాడే పద్ధతి మానేసి ఆ గరిటె అందుకోవాలి. పాకం పట్టడం నేర్చుకోవాల్సిన పనే, ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చే విద్య కాదు. పెళ్లిళ్లకి వందల అరిసెలు వేసే వంటవాళ్లలో మగవాళ్లు ఎంతమంది లేరు?

అరిసె నొక్కడానికి జిప్‌లాక్ సంచి రెండు పక్కలా కోసి నెయ్యి రాసుకుంటే చాలు. నిమ్మకాయంత ఉండ, పైన నువ్వులు, వేళ్లతో సమానంగా నొక్కాలి. అంచులు పలచబడితే మాడుతాయి. నూనె మధ్యరకం వేడిలో ఉండాలి. వేసిన అరిసె అడుగుకి వెళ్లి రెండు మూడు క్షణాల్లో పైకి తేలితే సరైన వేడి. అడుగునే ఉండిపోతే నూనె వేడి చాలలేదు, వెంటనే తేలి ఎర్రబడితే మించింది. ఎలక్ట్రిక్ కాయిల్ పొయ్యి మీద బటన్ తిప్పినా వేడి వెంటనే తగ్గదు, కాయిల్‌లో వేడి నిలిచి ఉంటుంది. అందుకని పక్క పొయ్యి ఖాళీగా ఉంచుకుని బాండీని జాగ్రత్తగా అక్కడికి జరపండి. ఇండక్షన్ మీద గుండ్రటి అడుగున్న బాండీ పనికిరాదు. తీసిన అరిసెని రెండు చెక్కల మధ్య గట్టిగా నొక్కాలి. నొక్కని అరిసె మర్నాటికి నూనె కక్కుతుంది. ఒక్కొక్కటిగా విడివిడిగా చల్లార్చండి. వేడి మీద పేర్చి మూత పెడితే లోపల చెమట పట్టి మెత్తబడి, వారంలో బూజు వస్తుంది.

మొదటి అరిసె నూనెలో విచ్చిపోతే పాకం లేతగా ఉన్నట్టు. దాచిన తడిపిండి కాస్త కలిపి మెదపండి, చాలాసార్లు కుదురుతుంది. గట్టిగా వస్తే పాకం ముదిరినట్టు. గోరువెచ్చని పాలు చెంచాడు చిలకరించి మెదిపితే కొంత మెత్తబడుతుంది, పూర్తిగా కాదు. మొదటి వాయి పోయిందని ఎవరూ మొహం చిన్నబుచ్చుకోవద్దు. ఒక్క అరిసె వేసి చూసి, సరిదిద్దుకుని, అప్పుడే మిగతావి వేయాలి.

తెలంగాణ ఇళ్లలో సకినాలు లేని సంక్రాంతి లేదు. వాటికి బియ్యం నాలుగైదు గంటలు నానితే చాలు. తడిపిండిలో వాము, నువ్వులు, ఉప్పు కలిపి, చేత్తో మెలి తిప్పుతూ తెల్ల నూలుగుడ్డ మీద చుట్టలు చుట్టాలి. గుడ్డ తడి పీల్చుకునేదాకా ఆగడమే అసలు కిటుకు. తొందరపడి పచ్చిగా వేస్తే నూనె చిందుతుంది, సకినం పేలుతుంది. ఎక్కువ ఆరితే ఎత్తేటప్పుడు విరుగుతుంది. ఇక్కడా హీటర్ లెక్క అదే, అక్కడ చెప్పే సమయంలో సగానికే వచ్చి చూసుకోండి. సకినాలు చుట్టడానికి నాలుగు జతల చేతులు కావాలి, అందుకే ఈ పని ఎప్పుడూ వాడకట్టు పనిగానే జరిగింది. ఇక్కడ మన వాడకట్టు అరగంట డ్రైవ్ అవతల ఉంటుంది, అంతే తేడా.

నూనె సంగతి ఒక్క మాట. అమెరికాలో ఇళ్లలో వంట వల్ల అగ్నిప్రమాదాలు ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది థాంక్స్‌గివింగ్ నాడు. బాండీలో మూడో వంతుకి మించి నూనె పోయవద్దు. అంటుకుంటే పొయ్యి ఆపి మూత పెట్టాలి, నీళ్లు చల్లకూడదు, బాండీ ఎత్తుకుని పరిగెత్తకూడదు. స్మోక్ అలారం మోగుతోందని బ్యాటరీ తీసేయవద్దు, ఫ్యాన్ వేసి కిటికీ తెరవండి. ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి ఆ రోజు నూనె దగ్గర నిలబడకూడదు. ఫోన్ మోగితే కళ్లు అటు పోతాయి. ఉండలు చేయడం, నొక్కడం వాళ్ల వంతు. వాడిన నూనె సింకులో పోస్తే గొట్టంలో గడ్డకడుతుంది, చల్లారాక సీసాలో పోసి చెత్తలో వేయండి.

తేదీ గురించి ప్రతి ఏడాదీ వాట్సాప్‌లో వాదనలు జరుగుతాయి. సూర్యుడు మకరరాశిలోకి వచ్చే క్షణం లోకమంతటికీ ఒక్కటే, గడియారాలే వేరు. భారత కాలమానం చలికాలంలో మన తూర్పు తీరం కన్నా పదిన్నర గంటలు, పడమటి తీరం కన్నా పదమూడున్నర గంటలు ముందుంటుంది. ఆ క్షణం అక్కడ 14వ తేదీ రాత్రి తొమ్మిదింటికి వస్తే, పొద్దు గుంకాక వచ్చింది కాబట్టి పండుగ 15కి వెళ్లడం మామూలు. అదే క్షణం న్యూజెర్సీలో 14 పొద్దున పదిన్నర. ఇక్కడ పండుగ 14నే. సెలవు చీటీ రాసేముందు మీ ఊరికి లెక్కకట్టిన పంచాంగం చూసుకోండి, అక్కడి క్యాలెండరు చూసి రాయవద్దు. పిల్లలకి కూడా చాలా రాష్ట్రాల్లో మతపరమైన పండుగకి బడి మానితే దాన్ని అనుమతించిన గైర్హాజరుగానే రాసుకుంటారు. ముందురోజే చీటీ పంపాలి. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కాబట్టి అసోసియేషన్ల సంబరాలు ఆ వారాంతంలో పెట్టుకోవడం సబబే. ఆ సంబరం ఇంటి పండుగకి తోడుగా ఉండాలి, దాని స్థానంలోకి రాకూడదు.

భోగి మంటకి ముందుగా మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ మామూలు నంబరుకి, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే వాళ్లకి ఫోన్ చేయండి. చాలా ఊళ్లు అనుసరించే అగ్నిమాపక నియమాల్లో నేల మీద వేసే చిన్న మంట ఇంటికి 25 అడుగుల దూరంలో ఉండాలి. టెక్సస్ లాంటి చోట్ల పొడిగాలి రోజుల్లో మంటలు పూర్తిగా నిషేధిస్తారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో వద్దే వద్దు. పాత సామాను వేయడం మన ఆచారమే, కానీ ఇక్కడి ఫర్నిచర్‌కి రంగులు, జిగుళ్లు ఉంటాయి, ఆ పొగ పిల్లలు పీల్చకూడదు. అట్టపెట్టెలు వేస్తే మండుతున్న పొరలు గాలికి లేచి పక్కింటి కప్పు మీద వాలతాయి. ఎండిన క్రిస్మస్ చెట్టు ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఎండు కట్టెలు నాలుగు, ఆవు పిడక దొరికితే ఒకటి, పక్కన బకెట్ నీళ్లు చాలు. ముగ్గు మంచు పడే ఊళ్లలో గ్యారేజీలో వేసుకోవాలి. బయట డ్రైవ్‌వే మీద చల్లిన ఉప్పుతో బియ్యప్పిండి కలిసి బురదవుతుంది.

భోగి పళ్లకి రేగుపళ్లు దొరకలేదని బెంగ వద్దు. చైనా దుకాణాల్లో ఎర్ర ఖర్జూరం పేరుతో అమ్మే ఎండు పళ్లు రేగు జాతివే. రాత్రంతా నానబెడితే ఉబ్బుతాయి. చెరుకు ముక్కలు, నానిన శనగలు, బంతి రేకులు, చిల్లర నాణేలు కలపండి. తూర్పు తీరంలో ఉన్నవాళ్లు భోగి సాయంత్రం ఏడున్నరకి పిల్లల్ని పీట మీద కూర్చోబెడితే, ఇండియాలో అమ్మమ్మలకీ నానమ్మలకీ సంక్రాంతి పొద్దున ఆరు గంటలు. అప్పటికే లేచి వాకిట్లో ముగ్గు వేస్తూ ఉంటారు. డల్లాస్ వాళ్లకి ఆరున్నర, సియాటిల్ వాళ్లకి నాలుగున్నర. వాళ్లు చూసేందుకు వీడియో కాల్ పెట్టిన ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా పిల్లల ఎత్తులో స్టాండు మీద పెట్టండి, లేకపోతే అక్కడివాళ్లకి పోసేవాళ్ల వీపులే కనిపిస్తాయి. దిష్టి తీశాక నాణేలు లెక్కపెట్టి తీయండి. అందుకని గిన్నెలో వేసేముందే ఎన్నో రాసుకోండి, పాతికే అనుకోండి. కార్పెట్‌లో దూరిన ఇరవై అయిదోది దొరికేదాకా చంటిపిల్లని కిందికి దించవద్దు.